పాదుకా పాలన

స్వేచ్ఛా మార్కెట్ చూడాలంటే న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సంతలు చాలు. ఒకప్పుడు అక్కడ షావుకారు శేరు ఉప్పు పోసి శేరు సారపప్పు కొలుచుకుపోయేవాడు. ఇచ్చేవాడికీ ఇష్టమే, పుచ్చుకునేవాడికీ ఇష్టమే, కొలత కూడా సమానమే. ఇంత సజావైన బేరం ఆడం స్మిత్‌కైనా తట్టి ఉండదు.

ఇలాంటి దోపిడీ చూసి సర్కారు వారి కడుపు తరుక్కుపోయింది. బస్తర్ మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, 1964లో, చట్టం చేసి తునికాకు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. కొనేవాళ్లు పదిమంది ఉంటే దోపిడీ, ఒక్కడే ఉంటే సంక్షేమం!

ఆ సంక్షేమం లెక్క ఇదీ. మండు వేసవిలో పొద్దున్నే అడవికి పోయి ఆకు కోయాలి. యాభై ఆకులు పేర్చి నారతో కడితే కట్ట. వెయ్యి కట్టలైతే స్టాండర్డ్ బ్యాగ్. 2024లో బ్యాగ్ ధర 5,500 రూపాయలకు పెంచారు, అంటే ఆకుకు 11 పైసలు. పావలా, ఆ లోపు నాణేలన్నీ 2011లోనే చెల్లకుండా పోయాయి. ఆకు రేటుకు ఆ కబురు ఇంకా అందలేదు. పన్నుల శాఖకు మాత్రం అడవి దారి బాగా తెలుసు. 2017లో ఇదే ఆకు మీద 18 శాతం జీఎస్టీ వేసింది.

ఈలోగా 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం (పెసా), 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి, అడవి ఫలసాయం గిరిజనులదేనని తేల్చేశాయి. నిజమే, ఆకు నీదే. ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో మాత్రం మేం చెబుతాం!

సర్కారుకు దయ లేదనకండి. బీజేపీ ముఖ్యమంత్రి రమణ్ సింగ్ హయాంలో ఆకు కోసేవాళ్లకు చెప్పులు పంచారు. పథకం పేరు 'చరణ్ పాదుక'. కాంగ్రెస్ రాగానే చెప్పులు ఆగాయి, బీజేపీ తిరిగొచ్చాక 2025లో మళ్లీ మొదలయ్యాయి. దండకారణ్యానికి పోతూ రాముడు ఇచ్చిన పాదుకలతో భరతుడు అయోధ్యను ఏలాడు. మనవాళ్లు దండకారణ్యానికే పాదుకలు పంపి ఏలుతున్నారు.

టీవీల్లో మాత్రం సర్కారు తప్పుకోవాలని ఒకాయన, ఇంకా బిగించాలని ఇంకొకాయన గొంతులు చించుకుంటారు. ధర కొనేవాడే చెప్పాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. పక్కనే సరిహద్దు దాటితే, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో గ్రామసభలే తమ ఆకును వేలం వేసుకుంటున్నాయి. అమ్మేవాడు ధర చెప్పడమా? అది అటు మార్కెట్టూ కాదు, ఇటు సర్కారూ కాదు. దాన్ని ఏ ఖాతాలో రాయాలో పెద్దలు తేల్చుకునేదాకా, అమ్మా, కాస్త చెప్పుల సైజు రాయించి వెళ్లండి.