మచ్చల మాస్టారు

ఆఫ్‌సెట్ ప్రెస్సు ఏ ఊళ్లో ఉన్నా, ప్లేటు గదిలో ఒక మచ్చల మాస్టారు ఉండి తీరతారు. ముక్కు మీద కళ్లజోడు, చొక్కా జేబులో డిలీషన్ పెన్ను, లోకమంతటి మీదా అనుమానం. అల్యూమినియం ప్లేటు బల్ల మీదికి రాగానే, అచ్చు కావలసింది ఆయన కంటికి ఆనదు, కాకూడనిదే ఆనుతుంది. ఫిల్ము అంచు గీత, టేపు నీడ, దుమ్ము రేణువు... ఇంకు పట్టే అక్రమ కట్టడాలన్నీ కూలిస్తేగాని టీ ముట్టరు.

పనితనం మాత్రం చూసి తీరాలి. పెన్ను మొనతో మచ్చ మీద మందు అద్ది, పూత కరగగానే తడి స్పాంజితో తుడిచి, గమ్ము పూస్తారు. మందు ఎక్కువసేపు ఉంటే పూతతో ఆగదు, కింద అనోడైజ్డ్ పొరనూ తినేస్తుంది. ఇక ఆ చోటే కొత్తగా మురికి పడుతుంది. శిష్యుడు ఫోను చూస్తూ మందు అద్దాడా, వాడికి అక్షింతలే.

జిడ్డుకీ నీటికీ పడదన్న సంగతి ఆధారంగా 1790లలో బవేరియాలో సెనెఫెల్డర్ ఆఫ్‌సెట్‌కు మూలమైన రాతి అచ్చు కనిపెట్టాడు. ఆ రెండింటికన్నా పడనివారు మాస్టారూ మెషిన్‌మన్నూ. తెల్లగా ఉండాల్సినచోట కాగితం మసకేసిందా, "ప్లేటు సరిగా చెయ్యలేదు" అని అతను, "నీళ్లు సరిగా పెట్టలేదు" అని ఈయన. తీర్పరి తడి స్పాంజి. తుడిస్తే పోయి, మళ్లీ ప్లేటంతా కమ్ముకుంటే ఇంకు నీళ్లలో కలుస్తున్నట్టు. తుడిచినా వదలక ఒకేచోట పట్టుకుంటే గమ్ము చాలకో, తడి ఆరకో ప్లేటే చెడినట్టు. మొదటిది తేలిన రోజు మాస్టారి నడకే వేరు. రెండోది తేలితే, "అబ్బే, ఈ కంపెనీ ప్లేట్లే అంత!"

ఇంట్లోనూ ఇదే తంతు. అద్దానికి అంటించిన స్టికరు బొట్టు కనబడితే చెయ్యి జేబులోకి పోతుంది.

కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు మీదికే ఎక్కించే సీటీపీ వచ్చాక ఫిల్మూ పోయింది, టేపూ పోయింది, మచ్చలకు కరువొచ్చింది. మాస్టారు భూతద్దం పట్టుకుని ప్లేటంతా గాలిస్తుంటారు. మొన్న ఒక పత్రిక విషయసూచికలో 'కథలు' అన్నచోట, థ పొట్టలో చుక్క దొరికింది. ఇంకేం, మాయం! ప్రూఫ్‌రీడరు లబోదిబోమంటూ వచ్చాడు, చుక్క మళ్లీ పెట్టమని.

"తియ్యడమే మన పని బాబూ. పెట్టాలంటే కొత్త ప్లేటు వేయించుకో" అన్నారు మాస్టారు. కుర్రాడి మొహం చూసి జాలేసిందేమో, భుజం తట్టారు:

"అయినా రెండు రాష్ట్రాల్లోనూ సగం మంది 'కధ' అనేగా రాసేది!"