అచ్చొచ్చిన అచ్చు

డెన్వర్ చుట్టుపక్కల శనివారం పొద్దున ఏ గ్యారేజీ తలుపైనా సగం ఎత్తి ఉందంటే, లోపల ఒక మగాడు తనకి అంతగా అవసరం లేని పనిముట్టుని తుడుచుకుంటున్నాడని అర్థం. ఒకడు బీరు కాస్తాడు, ఒకడు కొయ్య చెక్కుతాడు, ఇంకొకడు సైకిలు మొత్తం విప్పేసి బిగించడం తెలీక దాని చుట్టూ తిరుగుతుంటాడు. మా పక్కింటాయన రిటైరైన ప్లంబరు. ఆయనది రోజిన్ శాఖ.

గంజాయి పూమొగ్గల్ని సన్నటి నైలాను సంచిలో కూరి, కాలే రెండు పలకల మధ్య పెట్టి నొక్కితే చుట్టూ కారే బంగారు రంగు జిగురే రోజిన్. ఏ రసాయనమూ కలపక్కర్లేదు. వేడి, ఒత్తిడి ఉంటే చాలు. 2015 ప్రాంతంలో, ఆడవాళ్ళు జుట్టు సాపు చేసుకునే పరికరంలో మొగ్గ పెట్టి నొక్కడంతో ఈ విద్య జనంలో పాకింది. కొన్నాళ్ళపాటు భార్యల పరికరాలు మాయమయ్యాయి. తరవాత ఇంట్లో పోరు పడలేక భర్తలే సొంతానికి ప్రెస్సులు కొనుక్కున్నారు.

ఇది కొలరాడోలో సక్రమమైన వ్యవహారమే. 2012లో జనం ఓటేసి తెచ్చుకున్న సవరణ 64 ప్రకారం 21 ఏళ్ళు నిండినవాళ్ళు ఇంట్లో మనిషికి 6 మొక్కలు పెంచుకోవచ్చు. పూతకొచ్చినవి 3 దాటకూడదు, తాళం వేసిన చోట ఉండాలి. బ్యూటేను లాంటి మండే వాయువులతో ఇంట్లో రసం తీయడాన్ని మాత్రం, కొన్ని ఇళ్ళు పేలాక, 2015లో నిషేధించారు. రోజిన్‌కి మంటా లేదు, వాయువూ లేదు కాబట్టి ఆ గొడవ లేదు. పేలితే సంచి పేలుతుంది, అంతే.

నాకు మాత్రం ఇందులో ఏ పాత్రా లేదు. ఉండకూడదు కూడా. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గంజాయితో పెట్టుకుంటే, రాష్ట్ర చట్టం దాన్ని అనుమతించినా సరే, పౌరసత్వం అడిగేవాడి సత్ప్రవర్తనకి అది అడ్డం రావచ్చని వలస శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగానే చెప్పింది. నా దరఖాస్తు ఆ శాఖలో ఏదో బల్ల మీద పడి ఉంది. పచ్చ మొక్కా, పచ్చ కార్డూ ఒక కప్పు కింద ఇమడవు. అందుకని నేను గ్యారేజీ గడప దాటను. బయట నుంచుని, చేతులు జేబుల్లో పెట్టుకుని సలహాలిస్తాను. సలహా ఇవ్వడానికి తెలుగువాడికి అనుభవం అక్కర్లేదు, ఎదుటివాడికి ఓపిక ఉంటే సరిపోతుంది.

ఆయనకొచ్చిన చిక్కల్లా అచ్చు గురించే. మొగ్గల్ని చేత్తో సంచిలో కూరితే ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా ఉంటుంది. పలకలు దగ్గరయ్యేసరికి ఒత్తిడంతా ఆ గట్టిచోటే పడి సంచి ఫట్‌మంటుంది. బంగారు జిగురు నిండా ఆకుపచ్చ నూక. నెలల తరబడి నీళ్ళు పోసి, దీపాలు పెట్టి పెంచిన మొక్క మరి. మొగ్గ బరువులో వందకి ఇరవై వంతులు జిగురు వస్తేనే పండగ, అందులోనూ నూక పడితే ఆ పూట ఆయన్ని పలకరించకూడదు. కాబట్టి వేడి పలకల దగ్గరికి పోకముందే, చల్లగా ఉండగానే, అచ్చులో వేసి ఒత్తి బిళ్ళ కట్టాలి. అచ్చంటే మూడు ముక్కలు. ఒక గుల్ల, దానికో అడుగు మూత, పైనుంచి దిగే పిస్టన్. ఈ మూడు ముక్కల మీద ఒక మనిషి వేసవంతా ఆలోచిస్తూ కూచోగలడని కళ్ళారా చూసేదాకా నేను నమ్మలేదు.

మొదట త్రీడీ ప్రింటరులో చేసిన ప్లాస్టిక్ అచ్చు కొన్నాడు. చవక, పైగా ముచ్చటైన ఊదా రంగు. పొర మీద పొరగా పోసింది కదా, ఒళ్ళంతా సన్నటి గీతలే. గీత గీతలోనూ జిగురు దూరి కూచుంది. దాన్ని తిన్నగా ప్రెస్సులోనే పెట్టి నొక్కితే బిళ్ళ బాగా వస్తుందని ఎవరో చెప్పారట. పలకలు చల్లారాక అని చెప్పడం మర్చిపోయారు. ఆ రకం ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, పలకలేమో 90 మీద ఉన్నాయి. అచ్చులో బిళ్ళ పడాల్సింది పోయి, బిళ్ళలో అచ్చు పడింది.

తరవాత అల్యూమినియంది వచ్చింది. తేలిగ్గా ఉంది, పైన నల్లటి పూత కూడా ఉంది. గుండ్రంది. ఆ వెనకే, ఎందుకైనా మంచిదని, 2 అంగుళాల వెడల్పుతో పలక ఆకారంలో ఉన్నదొకటి. గుండ్రమా, పలకా అన్నది ఈ శాఖలో శైవ వైష్ణవ వివాదం. గుండ్రంగాళ్ళు సంచిని నిలువుగా నిలబెట్టి పైనుంచి నొక్కుతారు, అన్ని వైపులకీ సమానంగా కారుతుందంటారు. ఆ పద్ధతికి వాళ్ళు పెట్టుకున్న పేరు సీసా. పలకవాళ్ళు అదంతా చూపులకేనని కొట్టిపారేస్తారు. నేను రెండు పక్షాలకీ చెరో రోజు మద్దతిచ్చాను.

సరిగ్గా అప్పుడే మా మామగారు విజయవాడ నుంచి దిగారు. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లేతు మిషను ముందు నిలబడ్డ మనిషి. లారీ బుష్షు కొలత చెప్పక్కర్లేదు, అరిగిన ముక్క చేతికిస్తే చాలు, కొత్తది చేసి ఇచ్చేవారు. రాకీ పర్వతాలు చూపిస్తే "బానే ఉన్నాయి" అన్నారు. మా డిష్‌వాషరు తలుపుకున్న కీలుని రిపేరు చేశారు, అది బాగానే ఉన్నా. ఇక ఊళ్ళో చూడ్డానికి ఏమీ మిగల్లేదని దిగాలుగా కూచున్న పూట, పక్క గ్యారేజీలో ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వినిపించింది. చెప్పులేసుకుని బయల్దేరారు. నేను వెనకాలే పరిగెత్తాను.

అల్యూమినియం అచ్చు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఏంటి బాబూ ఇది?"

"మూలికలండీ మామయ్యగారూ. బిళ్ళలు కడతారు."

ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. విజయవాడలో రోజూ పేపరు చదివే మనిషి దగ్గర దాచేదేముంది? విశాఖ ఏజెన్సీ సరుకు ఎక్కడో ఒకచోట పట్టుబడ్డ వార్త చదివీ చదివీ ఉన్నారు.

"గంజాయి కదూ?"

"ఇక్కడ చట్టం ఒప్పుకుంటుందండీ."

"మన దగ్గరో?"

"మన దగ్గర 1985 నాటి చట్టం ఉంది కదండీ. ఈ జిగురుని చరస్ కింద కడతారు. కిలో దాటి దొరికితే పదేళ్ళకి తక్కువ కాకుండా లోపలే."

మామగారు అచ్చు కింద పెట్టేశారు. జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు. రెండడుగులు వెనక్కి వేశారు. "తప్పు బాబూ ఇలాంటివి" అన్నారు. హమ్మయ్య, ఇంటికి పోవచ్చనుకున్నాను. ఆయన కదల్లేదు. అచ్చు వంకే చూస్తున్నారు.

"అది సరే. ఆ పిస్టన్‌కి క్లియరెన్సు ఎవడిచ్చాడు?"

తరవాత జరిగిందాంట్లో నా ప్రమేయం లేదు. నా ఇంగ్లీషు కూడా అక్కర్లేకపోయింది. అమెరికా ఇంకా అంగుళాల్లోనే ఉంది, మామగారి లేతూ అంగుళాలదే, అంగుళంలో వెయ్యో వంతుని ఇక్కడా అక్కడా థౌ అనే అంటారు. మామగారు పిస్టన్‌ని గుల్లలోకి దింపి చేయి వదిలేశారు. అది సగంలో ఆగిపోయింది, కింద గాలి పోయే దారి లేదు. "నో గుడ్. టూ టైట్. టెన్ థౌ" అన్నారు. ప్లంబరుగారి కళ్ళు మెరిశాయి. నలభై ఏళ్ళు సాఫ్ట్‌వేరు రాసినా నా మాటకి ఎవరి కళ్ళూ అలా మెరవ్వు. బిగుతుగా ఉంటే గాలి చిక్కుకుని పిస్టన్ పట్టేస్తుంది, మరీ వదులైతే పక్కల్నించి నూక పైకి పాకుతుంది, ఆ నూకకి జిగురంటుకుని రేపట్నుంచి పిస్టన్ బయటికి రాదు. ఇదంతా ఆయన ఒక వేలూ, రెండు మాటలూ వాడి చెప్పేశారు.

ఇక పలక అచ్చు సంగతి. సంచి మీద 2 అంగుళాలని రాసి ఉంది కదా అని పక్కింటాయన 2 అంగుళాల అచ్చు కొన్నాడు. బిళ్ళ చక్కగా వచ్చింది కానీ సంచిలోకి పోదు. సంచీ తప్పంటాడు, కుట్టు తప్పంటాడు. మామగారు కొత్త సంచి ఒకటి తీసుకుని, జేబులోంచి దారం లాగి చుట్టూ కొలిచారు. చదునుగా పరిస్తే రెండంగుళాలు, చుట్టుకొలత నాలుగు. బిళ్ళకి అరంగుళం మందం ఉంటే రెండు పక్కలకీ కలిపి ఒక అంగుళం పోతుంది. మిగిలింది మూడు, పైన ఒకటిన్నర, కింద ఒకటిన్నర. అంటే అచ్చు వెడల్పు ఒకటిన్నరే ఉండాలి. గుండ్రం కావాలంటే నాలుగుని 3.14తో భాగించు, అంగుళంపావు అడ్డం. దారాన్ని మళ్ళీ చుట్టి జేబులో వేసుకున్నారు. ఈ అచ్చులమ్మేవాళ్ళు ఒక్కరైనా ఈ ముక్క పెట్టె మీద ఎందుకు రాయరో నాకర్థం కాదు. బహుశా రాస్తే రెండో అచ్చు అమ్ముడుపోదు.

గుండ్రమా, పలకా అన్న వివాదాన్ని కూడా ఆయనే తేల్చారు. ప్రెస్సు ఎంత అని అడిగారు. రెండు టన్నులు, చేత్తో తిప్పేది. అంటే 4,000 పౌండ్లు. ఒకటిన్నర వెడల్పు, మూడు పొడుగు పెడితే నాలుగున్నర చదరపు అంగుళాలు, అంగుళానికి 890 పౌండ్లు పడుతుంది. మొగ్గలకి 600 నుంచి 1,000 దాకా చాలని పక్కింటాయన ముందే చెప్పి ఉన్నాడు. పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందిలే అనే అమెరికా బుద్ధి ఇక్కడ చెల్లదు, అచ్చు పెరిగేకొద్దీ ఒత్తిడి పలచబడుతుంది. ఇంకోటి, అదే వైశాల్యంతో గుండ్రంగా పరిస్తే మధ్యలో ఉన్న జిగురు 1.2 అంగుళాలు ఈదితే గానీ అంచుకి రాదు. పలకలో అయితే ముప్పావు అంగుళమే. వేడిలో ఎక్కువసేపు నానితే రంగూ పోతుంది, వాసనా పోతుంది. కాబట్టి పలకే. గుండ్రం పక్షాన నిన్నే వాదించి ఉన్న నేను కాసేపు గ్యారేజీ పైకప్పుని పరిశీలించాను.

స్టెయిన్‌లెస్ స్టీలుది, చెప్పిన కొలతకే, యాభై డాలర్ల చిల్లరకి వచ్చింది. బరువుగా, నునుపుగా ఉంది. జిగురంటితే స్పిరిటుతో కడుక్కోవచ్చు, గీతలు అంత తేలిగ్గా పడవు. మా అత్తగారు కిటికీలోంచి చూసి, "జంతికల గొట్టమంత లేదు, దానికి నాలుగువేల పైనా?" అన్నారు. ఇంకా ఏ ఆకూ తగలని కొత్త అచ్చే కదా అని నేను రెండుసార్లు ఖాయం చేసుకున్నాక, మామగారు పిస్టన్ అంచుల్ని ఎమరీ కాగితంతో పది నిమిషాలు అరగదీశారు. ఈసారి గుల్లలోకి దింపి చేయి వదిలితే, నూనె రాసినంత నిదానంగా, ఆగకుండా అడుగుదాకా దిగింది. పక్కింటాయన దాన్ని ఊరికే పైకి తీసి మళ్ళీ మళ్ళీ వదిలాడు. ఆ పూట అంతకంటే పనేమీ జరగలేదు.

ఆ వారం బిళ్ళ కట్టి నొక్కితే సంచి చిరగలేదట. గట్టిగా కాకుండా, బిళ్ళ చేత్తో పట్టుకుంటే విడిపోనంత మాత్రమే ఒత్తాలని, అంతకుమించితే అసలు జిగురు అచ్చుకే అంటుకుపోతుందని ఆయనే కనిపెట్టాడు. కృతజ్ఞతగా చిన్న గాజు డబ్బా ఒకటి పట్టుకుని మా ఇంటి మెట్లెక్కాడు. నేను తలుపు తీయకుండానే కిటికీలోంచి దణ్ణం పెట్టాను. మామగారు మాత్రం పెరటి దారిన వెళ్ళి, డబ్బా వద్దని చెప్పి, పనికిరాకుండా పోయిన ఆ అల్యూమినియం పిస్టన్ అడిగి తెచ్చుకున్నారు. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాక గానీ నేను దాన్ని లోపలికి రానివ్వలేదు.

ఆ రాత్రి మా ఆవిడ పిలిచింది, "ఏవండీ, నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నారు, ఒకసారి చూడండి" అని. వరండాలో వీడియో కాల్. అవతల ఆటోనగర్‌లో తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, వెనక లేతు తిరుగుతోంది. మామగారు పిస్టన్‌ని ఫోనుకి చూపిస్తూ కొలతలు చెప్తున్నారు.

"స్టెయిన్‌లెస్‌లో చేస్తే ఎంతవుద్దిరా?"

"మెటీరియల్‌తో కలిపి చెప్తా బాబాయ్. ఇంతకీ ఏ బండిది?"

మామగారు నా వంక చూశారు. నేను ఆకాశం వంక చూశాను. కస్టమ్స్ వాడికి ఏం చెప్పాలో, ఆ చెప్పింది వలస శాఖ వాడి దాకా వెళ్తే ఏమవుతుందో వరసగా కళ్ళముందు కదిలాయి. "వద్దండీ మామయ్యగారూ" అని సైగ చేశాను. ఆయన తలూపారు, అర్థమైందన్నట్టు. ఫోను వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"బండి సంగతి తరవాత చెప్తాలే గానీ, వంద పీసులైతే రేటెంతరా?"