మాసికల మేస్త్రి

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు భద్రతా ప్యాచ్‌లు వేసేవాడు సాఫ్ట్‌వేర్ కొలువుల్లో వేరే జాతి. మిగతావాళ్లు కొత్తది కడతారు. ఇతను పాతదానికి మాసిక వేస్తాడు. మర్రిపాడు, ఉదయగిరి పల్లెల్లో పాత చీరలతో బొంత కుట్టే అవ్వ పద్ధతే ఇతనిదీ: చిరిగినచోటే సూది దిగాలి, పక్కన ఒక్క పోగు కదలకూడదు.

ఏదో ప్రోగ్రాములో లోపం బయటపడుతుంది. రాసినవాళ్లు కొత్త వెర్షన్ విడుదల చేసి, అందరూ దానికి మారండని చేతులు దులుపుకుంటారు. ఐదేళ్ల కిందట ఒక వెర్షన్ మీద అన్నీ సర్దుకున్న ఆఫీసులు అంత సులువుగా మారలేవు. వాటికోసం ఇతను కొత్త వెర్షన్‌లోంచి దిద్దిన నాలుగు వరుసలే ఏరి, పాత కోడుకు అతికేలా తిరగరాస్తాడు. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. దిద్దుబాటు వెంట కొత్త సౌకర్యం ఒక్కటి దొంగతనంగా వచ్చినా ఆ పూట ఇతనికి అన్నం సయించదు.

స్వభావమూ పనికి తగ్గట్టే తయారవుతుంది. మిక్సీ మొరాయిస్తే జారు కింది బుష్ మారుస్తాడు గానీ మిక్సీ మార్చడు. పండక్కి ఊరొచ్చినా ల్యాప్‌టాప్ మూయడు. "ఏందబ్బయా, వాళ్లు కొత్తది కొనుక్కోలేరా?" అంటుంది తల్లి. కోడు రాసిన మహామహులు అడిగేదీ అదే. ఇద్దరికీ ఇతనిచ్చే జవాబు తల గోక్కోవడం.

ఇతను మాసికలు వేసే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్. దాని వెర్షన్లకు టాయ్ స్టోరీ సినిమా బొమ్మల పేర్లు పెడతారు. ఒక్కోదానికి మూడేళ్లు మామూలు సంరక్షణ, ఆపైన ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) పేరుతో మరో రెండేళ్లు. ఈ ఎల్‌టీఎస్ ఏర్పాటు 2014లో మొదలైంది. చెన్నైలో ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డెబియనే పునాది. 2024 జూన్ 30న బస్టర్ అనే డెబియన్ వెర్షన్ గడువు తీరింది. "బస్టర్ పోయింది, ఇక బుల్స్‌ఐని చూసుకోవాల" అని ఇతను ఫోన్లో అంటుంటే, వసారాలో తాత ఏ గొడ్డు పోయిందోనని కొట్టం వైపు నడుస్తాడు.

ఈ జాతికి పుట్టుశత్రువు ఆడిటర్. 2014 ఏప్రిల్‌లో, వెబ్‌సైట్ల రహస్య సంభాషణను కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు, రాసినవాళ్లు 1.0.1జీ తెచ్చారు. డెబియన్ వీజీలో మాత్రం 1.0.1ఈ అలాగే ఉండి, చివర 'డెబ్7యూ5' అనే తోక మొలిచింది. లోపం పోయింది, నంబరు పోలేదు. ముందు నంబరు మాత్రమే చదివే స్కానర్ కేకలు పెడుతుంది, ఆడిటర్ నోటీసిస్తాడు, ఇతను తోక చూపించి బతిమాలతాడు. అంతకన్నా పాతదైన స్క్వీజ్‌కు అసలా జబ్బే అంటలేదు. లోపమున్న కోడు పుట్టకముందే అది పుట్టింది. ఈ ముక్క ఇతను పెళ్లిచూపుల్లోనైనా చెబుతాడు.

చెప్పనిదీ ఒకటుంది. 2006లో, ఒక పరీక్షా సాధనం గొణుగుతోందని, డెబియన్‌వాళ్లు అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో కొన్ని వరుసలు తీసేశారు. దాంతో అందులో తయారైన రహస్య తాళాలన్నీ ఊహకందేవైపోయాయి. సంగతి 2008 మేలో గానీ బయటపడలేదు. ఆ మాటెత్తితే ఇతనికి ఉన్నట్టుండి దాహమేస్తుంది, చెంబు కోసం లోపలికి పోతాడు.

2024 మార్చి 29 గురించి అడిగితే మాత్రం మంచం లాగి కూర్చోబెడతాడు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని ఆ రోజు తెలిసింది. అప్పటి డెబియన్ స్టేబుల్ (స్థిర వెర్షన్)లో ఉన్నది 5.4.1. కొత్తది ఎక్కించుకున్నవాళ్లు పరుగులు తీస్తుంటే, ఇతను తీరిగ్గా రెండోసారి చారు పోయించుకున్నాడు.