త్రీ నాట్ త్రీ కాలనిర్ణయ శాస్త్రము: కాప్రా శాఖ

1. అనుబంధ చతుష్టయము

బోల్ట్ రైఫిలు ట్రిగ్గరును, సేఫ్టీ క్యాచును చూచి అది ఏ యేటి నిర్మాణమో తేల్చుట ఈ శాస్త్రమునకు విషయము. ఎదుటివాడు చెప్పిన సంవత్సరము తప్పని నిరూపించుట ప్రయోజనము. కాప్రా, సైనిక్‌పురి వీధులలో ఉదయపు నడక ముగించి చాయ్ ముందు కూర్చున్న విశ్రాంత సైనికుడు అధికారి. వానికిని రైఫిలుకును గలది సంబంధము. అది పింఛనుతో తెగునది కాదు.

2. సేఫ్టీ ప్రకరణము

సేఫ్టీ త్రివిధము.

(అ) పుచ్ఛస్థము: 1895 నాటి లీ-ఎన్‌ఫీల్డులో బోల్టు తోకనున్న కాకింగ్ పీసుపై వెలసినది.

(ఆ) వామస్థము: 1903 నాటి పొట్టి లీ-ఎన్‌ఫీల్డులో బాడీ ఎడమ ప్రక్కకు చేరినది. వెనుకకు లాగిన భద్రము, ముందుకు త్రోసిన కాల్పు. దీనిని బోధించునపుడు ఆచార్యుడు చాయ్ గ్లాసు దించి, గాలిలో కుందా పట్టి, లేని మీటను బొటనవ్రేలితో ముందుకు త్రోయును. శిష్యులు తల ప్రక్కకు తీసికొందురు.

(ఇ) త్రిస్థితికము: 1898 మౌజరు రెక్క. ఎడమకు వాలిన కాల్పు. నిలువుగా నున్న కాల్పు నిషిద్ధము, బోల్టు మాత్రము తెరచుకొనును. కుడికి వాలిన రెండును నిషిద్ధము. జాగ్రత్స్వప్నసుషుప్తులు ఇవియేయని పెద్దల నిర్ణయము.

3. ట్రిగ్గర్ ప్రకరణము

లీ-ఎన్‌ఫీల్డు నంబర్ 4 మార్క్ 1 రైఫిలులో ట్రిగ్గరు, ట్రిగ్గర్ గార్డుకు కీలితము. కర్ర తేమకు ఉబ్బినను, ఎండకు కుంగినను లాగుడు మారును. ఈ దోషనివారణార్థము 1949లో మార్క్ 2 యందు ట్రిగ్గరును బాడీకే వ్రేలాడదీసిరి. పాతవానికిని ఈ సంస్కారమే జరిపి, మార్క్ 1ని 1/2గా, మార్క్ 1 స్టారును 1/3గా ముద్రించిరి. ఇట్టి రైఫిళ్లు ద్విజములు.

4. మతభేదములు

1943లో పుట్టి, పిమ్మట ఉపనయనమైన ద్విజ రైఫిలు వయస్సెంత? బట్ సాకెట్ మీది అంకెయే ప్రమాణమని ముద్రావాదులు 1943 అందురు. అవయవమే ప్రమాణమని అంగవాదులు 1949కి ఈవల నిలుపుదురు. తాను దానిని కాల్చిన సంవత్సరమే సంవత్సరమని స్మృతివాదులు. మూడవ మతమునకు ఖండనము లేదు. స్మృతివాది రెజిమెంటులో పనిచేసిన సాక్షి మరొకడు దొరకడు.

5. చలనచిత్ర పరీక్ష

తెరపై 1922, అల్లూరి దళము చింతపల్లి ఠాణాపై దాడి చేయుచున్నది. పోలీసు చేతిలో ఇషాపూరు వారి 7.62 మిల్లీమీటర్ల 2ఎ1 కనబడెననుకొందము. అది 1960లలో పుట్టినది. ఇట్టి కాలవిరోధమునకు ప్రాయశ్చిత్తము ద్వివిధము: దర్శకునికి శాపము, ప్రక్క సీటులోని భార్యకు విశ్రాంతి వరకు వ్యాఖ్యానశ్రవణము. రెండవది తప్పనిసరి.

6. ఫలశ్రుతి

ఈ శాస్త్రము నిత్యము అనుష్ఠించువాడు వాదమున ఓడడు. వాదమున ఓడినవాడే చాయ్ డబ్బు చెల్లించవలెనని విధి. మూడు మతములవారును ఓడనందున డబ్బు ఎవరివ్వవలెనను ప్రశ్న వేరొక శాస్త్రమునకు చెందినది. అందు దుకాణదారు ఏకైక ఆచార్యుడు.