ఆరులు ఎక్కువైన పుస్తకం

నన్ను తెరిచినవాళ్ళున్నారు, వేలు పెట్టి వెతికినవాళ్ళున్నారు. మొదటి నుంచి చివరిదాకా చదివిన మహానుభావుడు మాత్రం ఇంకా పుట్టలేదు. ఫిషర్, యేట్స్ అని ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు 1938లో నన్ను కూర్చారు. జీవశాస్త్రానికి, వ్యవసాయానికి, వైద్య పరిశోధనకి పనికొచ్చే గణాంక పట్టికలని నా పేరు. మా వంశంలో నేను ఆరో కూర్పుని, 1963 నాటిదాన్ని. అచ్చు సంగతులు ఎవరికి కావాలి గాని, నా పుట్టుకలో ఒక తమాషా ఉంది.

నా చివరి పేజీల్లో 15,000 అంకెలు జంటలు జంటలుగా ఉంటాయి. వాటికి వావీ వరసా లేదు. లేకపోవడమే వాటి గొప్ప. ఎవరో 20 స్థానాల దాకా కట్టిన లాగరిథమ్ పట్టికల్లోంచి, 15 నుంచి 19వ స్థానం దాకా ఉన్న అంకెల్ని ఏరి పేర్చారు. తీరా లెక్క చూస్తే ఆరులు ఎక్కువయ్యాయట! 50 చోట్ల ఆరుని, ఆ చోట్లని కూడా చీటీలు తీసినట్టే ఎంచి, పీకేసి వేరే అంకెలు పెట్టారు. పక్షపాతం లేదని చెప్పుకునే నాకే పుట్టగానే దిద్దుబాటు జరిగింది.

మాస్టారు నన్ను ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నారు. ఆయన స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ. ఒక మెడికల్ కాలేజీలో డాక్టర్ల మధ్య డాక్టరు కాని ఒకే ఒక్క లెక్చరర్. దిల్‌సుఖ్‌నగర్ దాటగానే చైతన్యపురిలో ఇల్లు. వేసవిలో గాలి ఇటు తిరిగితే కొత్తపేట పండ్ల మార్కెట్ మామిడి వాసన అలమరలోకీ వచ్చేది. ఆ అలమరలో నా పక్కన సి.ఆర్. రావుగారూ, మిత్రా, మథాయ్ కలిసి 1966లో కలకత్తాలో వేసిన పట్టికల పుస్తకం ఉండేది. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే డాక్టరేటు చేశారు. అంటే ఆ పుస్తకం నాకు శిష్యుడి వరస. అయినా మాస్టారు దాన్ని కళ్ళకద్దుకుని తీసేవారు, నన్ను మాత్రం ఒంటిచేత్తో లాగేవారు. మనవాడి పుస్తకం మరి.

పని పడితే మాత్రం నేనే కావాలి. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ తుడిచి, నన్ను తెరిచి, కళ్ళు మూసుకుని పెన్సిల్ మొన దించేవారు. ఎక్కడ పడితే అక్కణ్ణుంచి మొదలు. రోగుల్ని నలుగురేసి చొప్పున జట్లు కడితే, ఇద్దరికి కొత్త మందు, ఇద్దరికి పాత మందు ఇవ్వడానికి ఆరు వరసలే ఉంటాయి. ఒకటి పడితే మొదటి వరస, రెండు పడితే రెండోది. సున్నా, ఏడు, ఎనిమిది, తొమ్మిది పడితే దాటెయ్యడమే. ఆ నాలుగు అంకెలూ నా దగ్గర ఎంత ఏడ్చేవో! ఆరు మాత్రం దర్జాగా ఉండేది.

ఇదంతా ఎందుకంటే, ఎవరికి ఏ మందన్నది డాక్టరు చేతిలో పెడితే, కాస్త తేరుకునేలా ఉన్నవాణ్ణి తనకే తెలియకుండా కొత్త మందు వైపు తోస్తాడు. తర్వాత నయం చేసింది మందో, ఆ మనిషి ఒంట్లో సత్తువో ఎవరు తేల్చాలి? బ్రిటన్‌లో క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసినప్పుడు బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త అందుకే అంకెల పట్టికతో పంచి, సీలు కవర్లలో పెట్టించాడు. 55 మందికి మందు, 52 మందికి ఒట్టి మంచం పట్టున విశ్రాంతి. 1948లో ఆ ఫలితం అచ్చయింది. మాస్టారికి అంతకన్నా మద్రాసు కథ ఇష్టం. అక్కడ 193 మంది క్షయ రోగుల్ని ఇలాగే పంచి చూస్తే, ఇంట్లో ఉండి మందులు మింగినవాళ్ళూ శానటోరియంలో ఉన్నవాళ్ళలాగే కోలుకున్నారని 1959లో తేలింది. డబ్బున్నవాళ్ళ కొండగాలి వైద్యం పేదవాడి ఇంటి గడప దాటి లోపలికొచ్చిందనేవారు.

ఆయన దగ్గరికి వచ్చే డాక్టర్లు రెండు రకాలు. "ఎంతమంది కావాలి సార్?" అని ముందే వచ్చేవాళ్ళు తక్కువ. "ఎంత తేడా వస్తే మీకు తేడా అనిపిస్తుందో ముందది చెప్పండి" అనేవారు మాస్టారు. రెండో రకం అంతా అయిపోయాక కాగితాల కట్ట బల్ల మీద పడేసి, "కాస్త సిగ్నిఫికెంట్ వచ్చేట్టు చూడండి" అనేవాళ్ళు. చేతులు కాలాక ఆకులు. అయినా కూర్చుని చూసేవారు. నా కై-స్క్వేర్ పేజీ మీది పసుపు మరక అలాంటి ఒక రాత్రిది, చెయ్యి కడుక్కోకుండా తెరిచారు. పేపర్ అచ్చయితే ఆయన పేరు చివర కృతజ్ఞతల్లో, టైపిస్టు పేరు పక్కన. నా పేరు అక్కడా లేదు.

ఒకసారి ఒక కుర్ర డాక్టరు మాస్టారు ఇచ్చిన సీలు కవర్ని ట్యూబ్‌లైటుకి ఎత్తి, లోపలి చీటీ చదివి, తనకి నచ్చిన రోగికి నచ్చిన మందు పడేదాకా కవర్లు మార్చాడు. చెడ్డవాడేం కాదు, జాలిగుండె. మాస్టారు ఇంటికొచ్చి నన్ను తెరవలేదు, అన్నం కూడా తినలేదు. ఆ పేపర్ మీద తన పేరు ఎక్కడా వద్దని రాసిచ్చారు. ఆ తర్వాత నుంచి ప్రతి కవర్లో వంటింటి అల్యూమినియం రేకు మడిచి పెట్టేవారు. అమ్మగారు రేకు ఎటుపోతోందని నెలనెలా గొడవ.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఒక సంఖ్య ఇస్తే క్షణంలో వందల వరసలు. నన్ను తీసింది ఇక దుమ్ము దులపడానికే. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చేసరికి మాస్టారు బాల్కనీలో కూర్చుని, అమీర్‌పేట రైళ్ళలో క్లినికల్ ట్రయల్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోడానికి పోయే పిల్లల్ని తలుచుకునేవారు. రావుగారికి 2023లో, 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించిన రోజు ఆ పక్క పుస్తకాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నన్ను తియ్యలేదు. మాస్టారిని చూడటం ఆ ఏడాదితో సరి.

ఇల్లు ఖాళీ చేసిన రోజు రావుగారి పుస్తకాన్ని కొడుకు సూట్‌కేసులో పెట్టుకున్నాడు. నన్ను తిరగేసి, "అన్నీ నంబర్లే" అని పక్కన పడేశాడు. పాత పేపర్లతను నన్ను త్రాసులో పెట్టబోయి ఆగాడు. "గత్త బరువు లెక్కకు రాదు సార్" అంటూ రెండు అట్టలూ వెన్నుతో సహా చీరేశాడు. అరవయ్యేళ్ళు నన్ను నిలబెట్టిన దారాలు ఆ ఒక్క లాగుతో తెగాయి. కిలో 12 రూపాయలు. నేను కిలో లేను.

గుట్టలోంచి నన్నెవరో ఏరి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద గైడ్ల మధ్య పెట్టారు. అక్కణ్ణుంచి ఎల్బీనగర్‌లో నలుగురు కుర్రాళ్ళ రూముకి, 20 రూపాయలకి. కొన్నది లెక్కల మీద ప్రేమతో కాదు, రైస్ కుక్కర్ కింద పెట్టుకోడానికి. నెల రోజులు ఆవిరి పట్టాను. మొన్న గిన్నెలు ఎవరు కడగాలని పోట్లాట వచ్చింది.

"అరే, ఈ పుస్తకంల అన్ని నంబర్లే ఉన్నయి రా! ఒకటొస్తె నువ్వు, రెండొస్తె నేను."

కుక్కర్ పక్కకి జరిపి నన్ను తెరిచారు. తడిసిన పేజీలు అతుక్కుపోయి, సరిగ్గా ఆ వావీ వరసా లేని అంకెల పేజీ దగ్గరే విడిపోయాను. నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. ఒకడు పెన్ను తీసి, వరసల మీద కాసేపు చూపు నడిపి, తన అంకె లేని చోటు చూసుకుని, అక్కడ మొన పెట్టాడు. కళ్ళు తెరుచుకునే.