అయిదు శాతం జమీందార్లు

2021లో ఉత్తరప్రదేశ్ మంత్రిగా ఉన్న ఉపేంద్ర తివారీ గారికి శతకోటి నమస్కారాలు. నన్ను శ్రీమంతుడన్న మొదటి మనిషి ఆయనే. పుట్టినప్పుడు జాతకం రాసిన సిద్ధాంతి గారు కూడా "తిండికి లోటుండదు" అని ఊరుకున్నారు తప్ప అంత సాహసం చెయ్యలేదు. మంత్రిగారు మాత్రం ఆ అక్టోబరులో ఒక గురువారం తేల్చేశారు. కార్లలో తిరిగే గుప్పెడు మందికే పెట్రోలు కావాలట, 95 శాతం జనానికి దాంతో పనే లేదట. నా దగ్గర పెట్రోలుతో నడిచే పాత స్కూటరు ఒకటుంది. అంటే నేను పై 5 శాతంలో ఉన్నట్టేగా! ఇంటికొచ్చి ఈ శుభవార్త చెబితే మా ఆవిడ తలైనా ఎత్తకుండా, "అయితే గ్యాసు బండ డబ్బులు ఫ్రిజ్ మీద పెట్టండి, రేపొస్తాడు" అంది. కలిగినవాళ్ల ఇళ్లలో ఆప్యాయతలు తక్కువని విన్నదే.

జమీందారన్నాక సాటి జమీందార్లతో రాకపోకలుండాలి. మా వాళ్లు చేరే క్లబ్బు ఇంటికి దగ్గర్లోనే ఉంది. అప్పటిదాకా దాన్ని పెట్రోలు బంకు అనుకునేవాణ్ణి. ఆ నెల లీటరు 110 రూపాయలు దాటింది కాబట్టి అల్లాటప్పా మనుషులెవరూ అటు రారని నమ్మకంతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

వరసలో నా ముందు పాలాయన. టీవీఎస్ ఎక్సెల్ మీద ఆ పక్కా ఈ పక్కా క్యాన్లు, సీటు చిరిగిన చోట గోనెపట్టా. ఈ సంస్థానాధీశుడు తెల్లారగట్ల నాలుగింటికే లేచి ఎస్టేటు పర్యటనకు బయల్దేరతాడు. ఆయన ముందు చేపల బుట్ట కట్టుకున్న మోపెడ్డు దొర. నా వెనక, వీపు మీద మనిషంత చదరపు సంచి తగిలించుకున్న యువరాజు. ఫోన్లో ఎవరో బిర్యానీ కోసం కేకలేస్తుంటే, "బంకులో ఉన్నా సార్, టూ మినిట్స్ సార్" అని బతిమాలుకుంటున్నాడు. రాజవంశీకుల వినయం అలాగే ఉంటుంది.

"ఎంతకన్నా?" అన్నాడు బంకు కుర్రాడు.

"యాభై కొట్టు" అన్నాడు పాలాయన.

మా వాళ్లలో లీటర్ల లెక్కన మాట్లాడటం మర్యాద కాదు. యాభై, వంద, మరీ దర్జా చూపాలంటే రెండొందలు. యాభైకి అర లీటరు కూడా రాదని అందరికీ తెలుసు, ఎవరూ పైకనరు. "జీరో చూస్కో అన్నా" అని కుర్రాడు మీటరు చూపించాడు. ఆ ఏడాది బంకులో మారని అంకె అదొక్కటే, కాబట్టి పాలాయన తృప్తిగా చూసుకున్నాడు. కొట్టడం అయిపోయాక పైపును రెండుసార్లు కదిపి, ఆఖరి బొట్టు కూడా ట్యాంకులో పడేదాకా మూత పెట్టనివ్వలేదు.

ఇంత సిరి ఉన్నా మాకు దుబారా తెలియదు. పెట్రోలు పొదుపు నేర్పడానికి కేంద్రానికి పీసీఆర్‌ఏ అని ఒక సంస్థే ఉంది, 1978 నాటిది. టైర్లలో గాలి చూసుకోండి, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపండి, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో వెళ్లండి అని చెబుతుంటుంది. మంచి మాటలే. హైదరాబాదు అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి ఆ 45 ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే ఇంకా బాగుండేది. ఆ పాఠాలు మాకు ఎల్‌కేజీ లాంటివి. ఫ్లైఓవరు ఎక్కేదాకా ఇంజను, దిగేటప్పుడు న్యూట్రల్. రిజర్వు కూడా అయిపోతే బండిని ఎడమపక్కకు పడుకోబెట్టి, ట్యాంకులో ఏ మూలో దాక్కున్న చుక్కల్ని కార్బొరేటరులోకి పంపిస్తాం. అదీ కుదరకపోతే సాటి జమీందారెవరో వెనకనుంచి వచ్చి, తన బండి మీద కూర్చునే కాలు చాచి, మన ఫుట్‌రెస్టుకు ఆనించి బంకుదాకా తోసుకెళతాడు. పేరడగడు, ఊరడగడు. సంస్థానాల మధ్య ఇంతటి మైత్రి, వాటిని దేశంలో కలిపిన సర్దార్ పటేల్ గారి కాలంలో కూడా లేదు.

కాకినాడ వైపు మావాళ్లయితే పెట్రోలు కోసం ఏకంగా పరాయి ప్రభుత్వంలోకి వెళతారు. యానాం పుదుచ్చేరిది కదా, అక్కడ పన్ను తక్కువ. పోనూ రానూ అయ్యే ఖర్చుకూ మిగిలే రూపాయలకూ పొంతన కుదిరితే విహారయాత్ర లాభసాటి. ఇక పత్తి చేలల్లో పవర్ స్ప్రేయరు వీపున కట్టుకుని, పెట్రోలునూ పురుగుమందునూ కలిపి మోసే జమీందార్ల వైభవం చెప్పనలవి కాదు. వాహనం లేకుండానే పెట్రోలు తాగించే స్థాయి వాళ్లది.

మరి పెట్రోలుతో పనిలేని ఆ 95 శాతం నిరుపేదలు ఎక్కడుంటారు? బంకు నుంచి తిరిగొస్తుంటే చౌరస్తాలో పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్నందరినీ ఆపేశాడు. పీసీఆర్‌ఏ మాట మీద గౌరవంతో ఇంజన్లు ఆపాం. సైరన్ మోగించుకుంటూ తెల్లకార్లు ఒకదాని వెనక ఒకటి వెళుతూనే ఉన్నాయి. అన్నీ డీజిలువి. పైగా అందులో కూర్చున్నవాళ్లు ఏ బంకులోనూ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. పెట్రోలు అవసరం లేనివాళ్లంటే వీళ్లన్నమాట! పాపం, నిలబెట్టి ఓ యాభై చేతిలో పెడదామనుకున్నాను, పోలీసాయన ఊరుకోలేదు.

ఆ రోజు పాలాయన కొట్టించిన యాభైలో ఎవరి వాటా ఎంతో లెక్కేశాను. కేంద్రానికి సుమారు పదిహేను, రాష్ట్రానికి సుమారు పదమూడు. అప్పట్లో సగానికి పైగా పన్నులే. 2014లో లీటరుకు 9.48 రూపాయలున్న కేంద్రం సుంకం 2021 అక్టోబరుకు 32.90 అయింది. 2020లో ప్రపంచమంతా ముడిచమురు ధర పాతాళానికి పడి, కరోనా వల్ల మనమంతా ఇళ్లలో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు, మే నెలలో ఒక్క రాత్రిలో పది రూపాయలు వడ్డించారు. చవకదనం మన దాకా రానే లేదు. తెలంగాణ వ్యాటు 35.2 శాతం, కాబట్టి కేంద్రం పెంచినప్పుడల్లా రాష్ట్రానికి కూర్చున్నచోటే ఆదాయం పెరుగుతుంది. తిట్లు వాళ్లకి, శాతం వీళ్లకి. ఆంధ్రలో 31 శాతం, దానిమీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల పేరిట మరో రూపాయి. ఆ రూపాయి ఏమైందో అక్కడ బండి నడిపేవాళ్ల నడుములే చెబుతాయి.

ఈ దేశంలో పెట్రోలు ఎవరు వాడతారో తెలియక మంత్రులు మాట్లాడుతున్నారనుకోవడానికి లేదు. పెట్రోలియం శాఖ కిందే ఉన్న పీపీఏసీ అనే విభాగం నీల్సన్ సంస్థ చేత సర్వే చేయించింది. 2014 జనవరిలో ఫలితం బయటపెట్టారు. అమ్ముడయ్యే పెట్రోలులో 61 శాతం పైచిలుకు పోయేది రెండు చక్రాల బండ్లలోకే. కార్ల వాటా దాదాపు 34. ఆ లెక్కన ఖజానాకు వచ్చే ప్రతి వంద రూపాయల పెట్రోలు పన్నులో అరవై పాలాయన లాంటివాళ్లు, సంచి పిల్లాడి లాంటివాళ్లు కడుతున్నవి. ఆదాయప్పన్ను సంపాదన చూసి వేస్తారు. ఈ పన్ను బెంజి కారు ఆసామికీ బిర్యానీ మోసేవాడికీ పైసా తేడా లేకుండా ఒకటే. వాణ్ణి పిండుకున్నారు సరే, డబ్బు అవసరమన్నారు సరే, ఆ అక్టోబరులోనే ఒక కేంద్రమంత్రి ఉచిత కరోనా టీకాలకు సొమ్మెక్కణ్ణుంచి వస్తుందని ఎదురడిగారు, అదీ విన్నాం. కానీ తీసుకున్న చేత్తోనే వాడి పేరు జాబితాలోంచి కొట్టేసి, నీకు పెట్రోలే అక్కర్లేదు పొమ్మంటే ఎలా? సిగ్గుండాలి.

2022 మొదట్లో తివారీ గారి రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. ఎన్నికలన్నాక బైకు ర్యాలీలుంటాయి, బండికింతని పెట్రోలు పోయిస్తారు. పెట్రోలు అక్కర్లేని ఆ 95 శాతం మందిని అప్పుడు దేనిమీద ఎక్కించి తిప్పారో మరి.