పేగులకు తొందర లేదురా

ఒరేయ్ అబ్బాయ్, ఆ ఫోను పక్కన పెట్టి తినరా అంటే నీకు చాదస్తంగా ఉంటుంది. మా రోజుల్లో అన్నానికి కూర్చోవడమంటే కూర్చోవడమే. అరిటాకు వేసి, నీళ్లు చిలకరించి, పప్పూ కూరా పచ్చడీ అన్నీ వడ్డించేదాకా చెయ్యి పెట్టేవాళ్లం కాదు. ఈలోగా వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వచ్చి నోట్లో నీళ్లూరేవి. అది కక్కుర్తి కాదురా. ముద్ద నోట్లో పడకముందే ఆ వాసనకి మెదడు కబురు పంపుతుంది, లాలాజలంతో పాటు జీర్ణాశయంలో ఆమ్లమూ ఊరుతుంది. రష్యాలో పావ్లోవ్ కుక్కల మీద ఏళ్ల తరబడి చూసింది ఇదే. అందరూ గంట మోగించిన కథే చెబుతారుగానీ, 1904లో ఆయనకి నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. మూత బిగించిన డబ్బాలో వచ్చి, మూత తీసిన అయిదు నిమిషాల్లో ఖాళీ అయ్యే నీ బిర్యానీకి ఊరే వ్యవధి ఎక్కడుంది?

నమలడమూ పోయింది. ఉత్త అన్నం ముద్ద కాసేపు నమిలి చూడు, తియ్యబడుతుంది. ఉమ్మి పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతున్న రుచి అది. మా నాయనమ్మకి ఈ సంగతి తెలియదు, అయినా మింగితే ఊరుకునేది కాదు. పసిపిల్లలకి పాలు పట్టాక కూడా పొట్ట నిమిరి 'వాతాపి జీర్ణం' అనందే పక్క మీద వేసేది కాదు.

హార్మోన్లంటే మీకు మొటిమలూ కోపతాపాలే గుర్తొస్తాయి. అసలు ఆ మాట పుట్టడానికి కారణం పేగు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క చిన్న పేగుకి వెళ్లే నరాలు తెంపి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమం రసం కార్చింది. కబురు నెత్తురులో వెళ్లిందన్నమాట. ఆ కబురు మోసినదానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు, మూడేళ్లకి స్టార్లింగ్ 'హార్మోన్' అన్న మాట వాడాడు. నరాలది టెలిగ్రాం, హార్మోనుది పోస్టుకార్డు. మేం పప్పులో వేసుకున్న నెయ్యి చిన్న పేగుకి చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే ఇంకో కార్డు బయల్దేరుతుంది. పిత్తాశయాన్ని పిండి పైత్యరసం పంపమంటుంది, జీర్ణాశయాన్ని నెమ్మదించమంటుంది, మెదడుకి చాలు అని చెబుతుంది. కడుపు నిండిందని తెలియడానికి ఇరవై నిమిషాలైనా పడుతుందిరా! మేం పప్పూ, పులుసూ దాటి మజ్జిగ దాకా వచ్చేసరికి కార్డు అందేది. నువ్వేమో అది అందేలోపే రెండో ప్యాకెట్ చింపుతావు.

ఆపైన గంటకోసారి చిప్స్. మాకు మధ్యాహ్నం అన్నం తరవాత రాత్రి దాకా ఏమీ ఉండేది కాదు. కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. కడుపు ఖాళీ అయ్యాక, దాదాపు గంటన్నరకోసారి జీర్ణాశయం నుంచి చిన్న పేగు చివరిదాకా ఒక అల సాగి, మిగిలిన తుక్కంతా ముందుకు ఊడ్చేస్తుంది. ఆ గుడగుడ చాలావరకు దాని చప్పుడే. నోట్లో ఏదో ఒకటి వేసుకుంటూనే ఉంటే ఆ చీపురు ఆగిపోతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇంత పద్ధతిగా తిన్న మా నాన్న కడుపులో పుండుతో ఏళ్లకేళ్లు బాధపడ్డాడు. అర్ధరాత్రి లేచి సోడా ఉప్పు కలుపుకు తాగేవాడు. కారం మానెయ్యమన్నారు, దిగులు మానెయ్యమన్నారు. ఆయన రెండూ మానలేకపోయాడు. 1980ల్లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ కలిసి ఆ పుళ్లకి చాలావరకు ఒక బాక్టీరియా కారణమని తేల్చారు. నమ్మనివాళ్ల కోసం మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు రెండు వారాలు మందుబిళ్లలు వేసుకుంటే ఆ క్రిమి చాలామందిలో పోతుంది. మా నాన్నకి ఆ రెండు వారాలు దొరకలేదు. ఆ లెక్కన మీ రోజులే నయం, కాదనను.

సరే, లే. కాళ్లు కడుక్కురా, ఆకులు వేస్తున్నారు. మజ్జిగ దాకా కూర్చోవాలి, ముందే లేస్తే ఊరుకోను.